మండని బొగ్గుకు వెల

బజారులో బియ్యము కొన్నచో కాటా మీద తూచి యిత్తురు. పాలు కొన్నచో కొలిచి పోయుదురు. కొలతలో తేడా వచ్చినదని అనుమానము కలిగినచో మరల కొలిపించుకొనవచ్చును. సరకు కన్నులయెదుటనే యున్నది. కాని యొకడు వచ్చి, "అయ్యా, మీరు నెలకు పది బస్తాల బొగ్గు కాల్చుచున్నారు. నేనొక యంత్రము నమర్చెదను. ఇకమీదట మూడు బస్తాలు చాలును. మిగిలిన యేడు బస్తాల వెలలో మూడవ వంతు నాకిండు" అని అడిగినాడనుకొందము. ఆ యేడు బస్తాలను ఏ కాటా మీద తూచవలెను? అవి కొననివి, కాల్చనివి, అసలు లేనివి. లేని సరకునకు వెల కట్టుట యెట్లు?

ఇంధనమును పొదుపు చేయు సాధనములను వ్యాప్తిలోనికి తెచ్చుటకు నేడు అనేక దేశములలో వ్యాపార సంస్థలు పొత్తులు కుదుర్చుకొనుచున్నవి. ఒకరు పెట్టుబడి పెట్టుదురు. మరియొకరు తమ కర్మాగారమునో భవనమునో అప్పగింతురు. మిగిలిన సొమ్మును ఇరువురును పంచుకొందురు. ఇట్టి బేరమును నడపు సంస్థలను 'ఎస్కో' లని పిలుచుచున్నారు. ఇది నిన్న మొన్న పుట్టిన పద్ధతి యని పలువురి తలంపు. దీని వయస్సు 240 ఏండ్లు దాటినది. ఇది పెరిగిన చోటు ఇంగ్లండు నైరృతి కొనయందలి కార్న్‌వాల్ సీమ.

కార్న్‌వాల్‌లో రాగి, తగరపు గనులు విస్తారముగ నుండెడివి. గని లోతైన కొలది ఊట పెరుగును. ఊటను తోడనిచో గని మునుగును. నీరు తోడుటకు న్యూకొమెన్ అను నాతడు నిర్మించిన ఆవిరి యంత్రము 1712 నుండియు వాడుకలో నున్నది. బొగ్గుగనుల యొద్ద ఆ యంత్రము ఎంత బొగ్గు తిన్నను అడుగువారు లేరు. అమ్ముడుపోని పొడిబొగ్గు అక్కడనే కుప్పలుగా పడియుండును. కార్న్‌వాల్‌లోనో, బొగ్గే లేదు. దక్షిణ వేల్సు నుండి ఓడలలో తెప్పించుకొనవలసినదే. భూమిలోనుండి తీసిన రాగి విలువను పైనున్న యంత్రము ఆరగించుచుండెను.

దాని తిండిపోతుతనమునకు కారణము సులభముగనే గ్రహింపవచ్చును. ఆ యంత్రములో వేడి ఆవిరితో నిండిన స్తూపములోనికే చన్నీరు చిమ్ముదురు. ఆవిరి నీరై కుంచించుకొనగా లోపల శూన్యమేర్పడును. బయటి గాలి ముషలకమును క్రిందికి నొక్కును. మరుసటి యూపునకు చల్లబడిన స్తూపమును మరల వేడిచేయవలెను. అట్టు పోసిన ప్రతిసారియు పెనమును బావినీట ముంచి, మరల పొయ్యిమీద కాచుకొను ఇల్లాలిని ఊహించుకొనుడు. గ్లాస్గో విశ్వవిద్యాలయములో పరికరములు బాగుచేయుచుండిన జేమ్స్ వాట్ ఈ లోపమును కనిపెట్టెను. ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చి, స్తూపమును ఎల్లప్పుడు వేడిగనే యుంచవచ్చునని 1765లో ఆతనికి తోచినది. 1769లో పేటెంటు లభించినది.

ఊహ తోచుట వేరు, యంత్రము కదలుట వేరు. వాట్‌కు మొదట పెట్టుబడి పెట్టిన రోబక్ 1773లో దివాలా తీసెను. రోబక్ తనకు పడిన బాకీ క్రింద, ఆ పేటెంటులోని వాటాను బర్మింగ్‌హామ్ నగర వర్తకుడు మాథ్యూ బౌల్టన్ తీసికొనెను. బౌల్టన్ గుండీలు, వెండి సామానులు చేయించి అమ్మెడివాడు. వాట్ వలె యంత్రశాస్త్రములో తలమునకలైనవాడు కాడు. కాని ఎవరికేమి కావలెనో ఎరిగినవాడు. 1775లో పార్లమెంటు పేటెంటు గడువును 1800 వరకు పొడిగించగా, ఇరువురును 25 ఏండ్లకు పొత్తు వ్రాసికొనిరి. బౌల్టన్‌కు రెండు వంతులు, వాట్‌కు ఒక వంతు. వీరికి మూడవ తోడొకడున్నాడు. ఫిరంగులను తొలచు విద్యలో ఆరితేరిన జాన్ విల్కిన్‌సన్ స్తూపములను నున్నగ తొలచి యియ్యనిచో ఆవిరి సందులనుండి కారిపోయెడిది. 1776లో నడచిన తొలి యంత్రములలో ఒకటి విల్కిన్‌సన్ కొలిమికి గాలి నూదినది. సరకు సరఫరా చేసినవాడే సరకును వాడి చూపినాడన్నమాట.

ఇక బేరమునకు వత్తము. గనుల వాటాదారులు అప్పటికే అప్పులలో నున్నారు. క్రొత్త యంత్రమునకు భారీ వెల చెల్లింపలేరు, చెల్లించుటకు నమ్మకమును లేదు. అందుచేత బౌల్టన్, వాట్‌లు యంత్రమును అమ్మ నారంభింపలేదు. భాగములను గనివారే తమ ఖర్చుతో చేయించుకొందురు; వీరు పటములు గీసి యిచ్చి, నిలబెట్టుటకు మనుష్యులను పంపుదురు. ప్రతిఫలముగా, పాత యంత్రముతో పోల్చినపుడు మిగిలిన బొగ్గు వెలలో మూడవ వంతును ఏటేట పుచ్చుకొందురు. బొగ్గు మిగలనిచో వీరికేమియు ముట్టదు.

మొట్టమొదటి ప్రశ్న ఇక్కడనే తలయెత్తినది: పాత యంత్రము ఎంత కాల్చెడిది? గనిలో ఒకనాడున్న నీరు మరునాడుండదు. వర్షాకాలములో యంత్రము రేయింబవళ్లు ఆడును, వేసవిలో నిదానించును. అందుచేత నెల బొగ్గును నెల బొగ్గుతో పోల్చుట తగదు. 1778లో పోల్డైస్ గనిలోని రెండు న్యూకొమెన్ యంత్రములను పరీక్షించి, ఇంత బొగ్గుతో ఇంత నీరు ఇంత యెత్తునకు వచ్చునని ఒక ప్రమాణమును ఏర్పరచిరి. ఇక క్రొత్త యంత్రము ఎంత పని చేసినదో తెలిసినచో, అదే పనిని పాతది చేసియుండినయెడల ఎంత కాల్చెడిదో లెక్కకట్టవచ్చును. పని తెలియుటకు వాట్ ఒక లెక్కపెట్టెను యంత్రపు దూలమునకు బిగించెను. దూలము ఊగినపుడెల్ల లోపలి లోలకము కదలి ఒక పన్ను జరుగును. ఆ పెట్టెకు తాళము. గడువునకొకసారి తాళము తీసి, ఎన్ని యూపులో చదివి, పట్టికతో సరిచూచి పద్దు వ్రాయుదురు. బొగ్గును తూచుట మాని ఊపులను లెక్కించిరి! ఆవిరి యంత్రమును గూర్చి పాఠ్యపుస్తకములు పుటలకొలది వ్రాయునుగాని ఈ చిన్న పెట్టెను తలపవు. నా దృష్టిలో ఆ పొత్తును నిలిపినది అదియే.

అయినను పొత్తు సుఖముగ సాగలేదు. క్రొత్త యంత్రముల గెలుపే చిక్కును తెచ్చిపెట్టినది. 1783 నాటికి కార్న్‌వాల్‌లో న్యూకొమెన్ యంత్రము ఒక్కటియే మిగిలినదని చరిత్రకారులు వ్రాసియున్నారు. పాతది కంటబడుచున్నంత కాలము పొదుపు కనబడును. పాతది తుక్కైన పిమ్మట గనివానికి కనబడునది తాను కాల్చుచున్న బొగ్గు, తాను చెల్లించుచున్న కప్పము. "మా గనికి మేము బొగ్గు కొనుచున్నాము, మా యంత్రమును మేము నడపుచున్నాము, బర్మింగ్‌హామ్‌వారికి ఇంకను ఎందులకీయవలెను?" అను మాట బయలుదేరినది. దానిని కృతఘ్నత యని త్రోసివేయ నాకు మనసొప్పదు. లేని యంత్రము కాల్చని బొగ్గునకు ఏండ్లతరబడి సొమ్ము కట్టుట ఎవరికైనను కష్టమే. కొన్ని గనులతో మూడవ వంతు లెక్క మాని, ఏటికింత యని స్థిరమైన పైకమునకు ఒప్పుకొనిరి. ఆంగ్లెసీ ద్వీపములోని పారిస్ కొండ నుండి చవుక రాగి వెల్లువగా వచ్చి కార్న్‌వాల్ రాగి ధర పడిపోయినపుడు, బౌల్టన్ తానే కొన్ని గనులలో వాటాలు కొని వారి నష్టములో పాలుపంచుకొనవలసి వచ్చెను. పేటెంటును కాదని యంత్రములు కట్టిన బుల్, హార్న్‌బ్లోయర్‌ల మీద వ్యాజ్యములు నడచినవి. గనులవారు చెల్లింపులు ఆపివేసిరి. 1799లో తీర్పు వాట్ పక్షమున వచ్చిన తరువాతనే బాకీలు వసూలైనవి. మరుసటి యేడు పేటెంటు గడువే తీరినది.

తరువాతి కథ ఇంకను చిత్రమైనది. బౌల్టన్, వాట్‌ల మనుష్యులు వెడలిపోగా కార్న్‌వాల్ యంత్రములను కనిపెట్టి చూచువారు లేక వాటి సామర్థ్యము దిగజారినది. 1811లో జోయెల్ లీన్ అను గని అధికారి నెలకొక పత్రిక నారంభించెను. ఏ గనిలోని ఏ యంత్రము బుషెల్ బొగ్గుతో, అనగా రమారమి 40 కిలోలతో, ఎంత నీరు తోడినదో అందరికిని తెలియునట్లు అచ్చువేయించుటయే దాని పని. కప్పము లేదు, తాళము లేదు. పొరుగు గని యంత్రము తనకంటె మెరుగని అచ్చులో చూచుకొన్న ఇంజనీరునకు నిద్రపట్టునా? తొలి సంవత్సరములలో సగటు యంత్రము బుషెలునకు ఒక అడుగు ఎత్తిన నీరు సుమారు ఒక కోటి డెబ్బది లక్షల పౌనులు. 1835లో ఫోయీ కన్సల్స్ గనిలోని యంత్రమొకటి పరీక్షలో 12 కోట్ల పౌనులు దాటినది.

ఇదంతయు పరదేశపు పాతకథ యని శ్రోతలు తలపవలదు. మన దేశములో 2009లో నాలుగు ప్రభుత్వరంగ విద్యుత్ సంస్థలు, ఎన్‌టిపిసి, పవర్‌గ్రిడ్, పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్, గ్రామీణ విద్యుదీకరణ సంస్థ, కలసి ఇఇఎస్ఎల్ అను సంస్థను స్థాపించినవి. విద్యుత్తు అమ్మువారే విద్యుత్ పొదుపును అమ్మ బయలుదేరుట వింతయే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును ఛిన్నాభిన్నము చేసినపుడు వీథి దీపములు వేలకొలది నేలకూలినవి. ఆ పునర్నిర్మాణములో నగరపాలక సంస్థయు ఇఇఎస్ఎల్‌ను కలసి 90 వేలకు పైగా ఎల్‌ఇడి దీపములు పెట్టినవి. పెట్టుబడి ఇఇఎస్ఎల్ పెట్టును. నగరము తన కరెంటు బిల్లులో మిగిలిన సొమ్మునుండి ఏండ్ల వాయిదాలలో తీర్చును. కార్న్‌వాల్ బేరమే ఇది. వీథిదీపముతో ఒక సౌలభ్యము కలదు: ఎప్పుడు వెలుగునో ఎప్పుడు ఆరునో లోకమెరుగును, పాత సోడియం దీపమెన్ని వాట్లో దానిమీదనే వ్రాసియున్నది. వాదమునకు చోటు తక్కువ.

గృహదీపముల విషయము అట్లు కాదు. 'ఉజాలా' పథకము 2015 జనవరి 5న దేశమంతట ఆరంభమైనది. అంతకు ముందే, 2014లో, పుదుచ్చేరి తరువాత గుంటూరు, అనంతపురము, శ్రీకాకుళము, పశ్చిమ గోదావరి జిల్లాలలో దాని తొలిరూపము నడచినది. దేశము మొత్తము గిరాకీని ఒకచోట చేర్చి కొన్నందున, 2014లో 310 రూపాయలుండిన ఎల్‌ఇడి దీపపు కొనుగోలు ధర 2016లో 38 రూపాయలకు దిగినది. ఇంతటి పతనము పొత్తు వ్యాపారములో అరుదు. కొనువాడొక్కడై, కొనునది కోట్లలో నున్నప్పుడు తయారీదారులు పోటీపడి ధర తగ్గించిరి. దీనిలో సందేహమునకు తావు లేదు. ఏ దుకాణమునకు పోయినను సాక్ష్యము దొరకును.

పొదుపు సంగతియో? ఈ పథకము క్రింద పంచిన దీపములు 36 కోట్లకు పైచిలుకు. ఏటా ఆదా యగునది సుమారు 4,800 కోట్ల యూనిట్లని అధికార లెక్క. భాగించి చూచినచో దీపమునకు ఏడాదికి 130 యూనిట్లు. 100 వాట్ల గాజు బుడ్డిని తీసి 9 వాట్ల ఎల్‌ఇడిని పెట్టి, దినమునకు నాలుగు గంటలు వెలిగించినచో ఇంచుమించు అంతయే వచ్చును. తీసినది 60 వాట్ల బుడ్డి, పెట్టినది 7 వాట్ల దీపమైనచో 77 యూనిట్లే. తీసినది అప్పటికే పొదుపరి యైన 14 వాట్ల సిఎఫ్‌ఎల్ గొట్టమైనచో, 9 వాట్ల దీపముతో మిగులునది ఏడు యూనిట్లు. ఏ యింట ఏ దీపమును తీసిరో, తీసినది ఇప్పుడెక్కడ నున్నదో చెప్పగలవారు లేరు. 36 కోట్ల దీపములకు లెక్కపెట్టెలు బిగింపలేము. అధికార లెక్క అబద్ధమని నేననుట లేదు; అది కొలత కాదు, అంచనా.

మరియొక సంగతి. వెలుగు చవుకైనపుడు జనులు ఎక్కువ వెలుగును వాడుదురు. యంత్రములు మెరుగైన కొలది బొగ్గు వాడుక తగ్గుటకు మారుగ పెరిగినదని ఇంగ్లండులో జెవన్స్ అను అర్థశాస్త్రవేత్త 1865లోనే గ్రంథము వ్రాసి చూపెను. మన పల్లెలో పూర్వము చీకటిగా నుండిన పశువులశాలలో నేడు రాత్రంతయు దీపము వెలుగుచున్నచో, పద్దు ప్రకారము పొదుపు తగ్గినట్లే. పాము భయము తీరిన ఆ రైతును తప్పుపట్ట నాకు నోరు రాదు. కాని పొదుపును అమ్మినవాడు ఆ వెలుగును గూడ పొదుపులో వ్రాసికొనరాదు.

చెల్లింపుల విషయమున కార్న్‌వాల్ చరిత్ర మరల కనబడుచున్నది. వీథి దీపములు పెట్టించుకొన్న స్థానిక సంస్థలు అనేకము వాయిదాలు చెల్లింపక, ఇఇఎస్ఎల్‌కు బకాయిలు పేరుకొన్నవి. పాత దీపములు తుక్కుదుకాణమునకు చేరినవి. క్రొత్తవి మిణుకుమన్నపుడు ఫిర్యాదులు వచ్చుచున్నవి. కరెంటు బిల్లులో మిగిలిన సొమ్ము మరియొక ఖర్చులో కలసిపోయినది. లేని సరకునకు వెల అడుగుట మరల మొదటికి వచ్చినది.

అట్టి పట్టణములలో వీథి మొగను ఒక స్తంభమునకు ఇనుపపెట్టె యొకటి బిగించియుండును. ఆ వరుస దీపములను వెలిగించునది, ఆర్పునది అదియే. లోపల మీటరు కలదు. పెట్టెకు తాళము వేసియుందురు.