చట్టసభలలో రైతు పక్షము: ఆచార్య రంగాగారు కోరిన నిచ్చెన

విత్తనము, వాన, ధర అనునవి రైతునకు నిత్యము తలపునకు వచ్చు విషయములు. ఢిల్లీలోని చట్టసభలో జరుగు వాదప్రతివాదములు అట్టివి కావు. అవి పెద్దల ముచ్చటలనియు, కొండమీద చోళ్లు, సామలు పండించువానికి వానితో పనిలేదనియు మన సంఘసభ్యులలో పలువురు తలంతురు. ఈ తలంపు సరికాదు. మన్యములో భూమి ఎవరిపేర నుండవలెను, దానిని ఎవరు కొనవచ్చును, సంఘము పెట్టుకొను హక్కు ఎవరికి కలదు అను ప్రశ్నలన్నియు చట్టసభలలోను, న్యాయస్థానములలోను తేలినవే. కనుక అట్టి సభలో రైతు పక్షమున దీర్ఘకాలము మాటలాడిన ఒక తెలుగువాని వాదములను ఇచ్చట సంగ్రహముగా వివరింతుము.

ఆయన ఆచార్య గోగినేని రంగనాయకులుగారు. ఎన్. జి. రంగా అను పేరున ప్రసిద్ధులు. 1900 సంవత్సరమున గుంటూరుజిల్లా నిడుబ్రోలు గ్రామమున రైతుకుటుంబములో జన్మించి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేసిరి. 1930లో కేంద్ర శాసనసభలో మొదట ప్రవేశించిరి. నడుమ కొంతకాలము తప్ప 1991 వరకు ఏదో యొక కేంద్ర చట్టసభలో సభ్యులుగా నుండిరి. 1936లో అఖిలభారత కిసానుసభ ఏర్పడినప్పుడు దానికి మొదటి ప్రధాన కార్యదర్శి ఆయనయే. 1967లో మన పొరుగుననున్న శ్రీకాకుళము నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికైరి. 1995లో పరమపదించిరి.

రాజ్యాంగ పరిషత్తులో 1946 డిసెంబరు 13వ తేదీన నెహ్రూగారు లక్ష్యముల తీర్మానమును ప్రతిపాదించిరి. 1947 జనవరి 22వ తేదీన అది ఆమోదింపబడెను. దానిపై జరిగిన చర్చలో రంగాగారు చేసిన ప్రసంగము మన్యవాసులు ముఖ్యముగా ఎరుగదగినది. అప్పుడు అందరును మతమును బట్టి అల్పసంఖ్యాకులెవరని లెక్కించుచుండిరి. రంగాగారు ఆ లెక్కను ఒప్పుకొనలేదు. చట్టమిచ్చిన సామాన్యపు హక్కునైనను వాడుకొనలేనంతగా అణగిపోయిన బీదజనమే నిజమైన అల్పసంఖ్యాకులని వాదించిరి. దృష్టాంతముగా మొదట గిరిజన ప్రాంతములనే చూపిరి. గిరిజనుల ఆచారధర్మము ప్రకారము వారి భూమి పరులపాలు కారాదు. అయినను వర్తకులు వచ్చి ఆ భూములను లాగికొనుచున్నారు. పత్రములు వ్రాయించుకొని తరతరములు వెట్టిచాకిరిలో కట్టివేయుచున్నారు. మైదానపు పల్లెలలో వడ్డీవ్యాపారి, జమీందారు చేయునదియు అదియే. ఇట్టివారికి హక్కులున్నవని కాగితముమీద వ్రాసినంతమాత్రమున చాలదు. ఊతకఱ్ఱలు కావలెను, ఎక్కుటకు నిచ్చెన కావలెను. ఇదియే ఆయన వాదసారము.

అదే ప్రసంగములో మఱియొక మాటయు కలదు. ఈ సభలో కూర్చున్నవారిలో అనేకులు సామాన్యజనములోనివారు కారు. ఆ జనము స్వయముగా ఇచ్చటికి రాగలుగువఱకు మేము వారి ధర్మకర్తలము మాత్రమే అని ఆయన చెప్పిరి. ఛోటానాగపూరునుండి వచ్చిన ఆదివాసి నాయకులు జయపాల్‌సింగుగారు ఆ తీర్మానముపైననే మాటలాడుచు, ప్రజాస్వామ్యమును ఆదివాసులకు ఇతరులు నేర్పనక్కఱలేదనియు, వారినుండియే నేర్చుకొనవలసియున్నదనియు చెప్పిరి.

ఇక మన కొండలలో ఆ నిచ్చెన ఎంతవఱకు కట్టబడినదో చూతము. రాజ్యాంగములోని అయిదవ షెడ్యూలుననుసరించి 1959లో ఆంధ్రప్రదేశ షెడ్యూలు ప్రాంతముల భూబదిలీ నిబంధన, అనగా 1వ రెగ్యులేషను, వచ్చెను. 1970లో దానిని బిగించిరి. దానిప్రకారము ఏజెన్సీలోని భూమిని షెడ్యూలు తెగవారికిగాని, కేవలము షెడ్యూలు తెగవారే సభ్యులుగానున్న సహకార సంఘమునకుగాని తప్ప మఱియొకరికి బదిలీచేసిన చెల్లదు. ఇచ్చట సభ్యులు నిలిచి ఆలోచింపవలెను. భూమిని కాపాడు చట్టము వ్యక్తితోపాటు సహకార సంఘమును పేర్కొనినది. 1997లో అనంతగిరి మండలము బొఱ్ఱా ప్రాంతపు గనుల కౌళ్లను గూర్చిన సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూలు ప్రాంతపు భూమిని ప్రభుత్వమైనను గిరిజనేతరులకు కౌలుకీయరాదని తీర్పు చెప్పెను. 1996 నాటి పెసా చట్టము పరాధీనమైన భూమిని తిరిగి ఇప్పించు అధికారమును గ్రామసభకు కల్పించెను.

రంగాగారు సహకారోద్యమమునకు శత్రువులని కొందఱు తలచిరి. దానికి కారణము 1959 నాటి వివాదము. ఆ సంవత్సరము నాగపూరు కాంగ్రెసు, గట్లు చెఱిపి పొలములన్నియు ఒకటిగా కలిపి ఉమ్మడిగా సేద్యము చేయవలెనని తీర్మానించెను. చిన్నచిన్న కమతములు గిట్టవనియు, కలిపినచో నీటివసతి, యంత్రములు సమకూరుననియు దాని పక్షమువారి వాదము. రంగాగారు దీనిని ఎదిరించి, కాంగ్రెసును విడిచి, రాజాజీగారితో కలిసి స్వతంత్రపార్టీని స్థాపించి దానికి మొదటి అధ్యక్షులైరి. అప్పు, విత్తనము, ఎరువు, అమ్మకము సంఘముద్వారా జరుగుట మంచిదే. కాని భూమి రైతు చేతినుండి జారినచో అతడు కూలివాడగునని ఆయన భయము. 1964లో రైత్వారీ భూములకు వర్తించు 17వ రాజ్యాంగ సవరణను సైతము ఆయన లోకసభలో ప్రతిఘటించిరి. సవరణ నెగ్గెను. అయితే గరిష్ఠపరిమితికి లోబడి స్వయముగా సాగుచేయు భూమిని ప్రభుత్వము తీసికొన్నచో విపణి ధరకు తగ్గని పరిహారమీయవలెనని ఆ సవరణలోనే వ్రాయబడినది.

ఈ వాదములనుండి మన సభ్యులు గ్రహింపవలసిన దేమి? మొదటిది: చట్టము గట్టువంటిది. గట్టు వేసినంతమాత్రమున నీరు నిలువదు; గండిపడిన చోటును చూచి పూడ్చువాడు కావలెను. కాఫీ పూతమీదనుండగనే వర్తకునివద్ద అప్పు తెచ్చుకొని పంటను అతని ధరకు ఒప్పగించుట, తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయుట గండ్లు. అవసరమునకు సంఘమునుండి అప్పు తీసికొనుడు. పంటను, అటవీఫలసాయమును సంఘముద్వారాగాని, 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థద్వారాగాని అమ్ముకొనుడు. భూమి అక్రమముగా చేతులు మారినచో ఏజెన్సీ డివిజనలు అధికారికి అర్జీ వ్రాసికొనుడు. ఆసక్తిగల ఎవరైనను వ్రాయవచ్చును.

రెండవది: చట్టసభ సభ్యుడు ధర్మకర్తయైనచో, సంఘపు డైరెక్టరును ధర్మకర్తయే. ధర్మకర్తను లెక్క అడుగుట సొంతదారుని పని. 2011 నాటి 97వ సవరణ సహకార సంఘములు పెట్టుకొనుటను రాజ్యాంగములోని ప్రాథమిక హక్కులలో చేర్చినది. ఆ హక్కు మహాజనసభకు రాని సభ్యునకు ఫలమీయదు. రాబోవు మహాజనసభకు స్త్రీపురుషులందఱును విచ్చేసి, జమాఖర్చుల పట్టికను చదివించుకొని, తెలియని పద్దును ధైర్యముగా అడుగవలెనని కోరుచున్నాము. రంగాగారు కోరిన నిచ్చెనకు మన చేతికందిన మెట్టు ఇదియే.