పీడీఎఫ్ కొట్టగానే ఆటోక్యాడ్ ఎగిరిపోతోందా?

ఇల్లంతా గీసేసుంటాం. గదులు, గుమ్మాలు, మెట్లు, సెప్టిక్ ట్యాంకు, పెరట్లో కొబ్బరి చెట్లతో సహా. చివరికి పీడీఎఫ్ కోసం ప్లాట్ నొక్కుతాం. చక్రం తిరుగుతుంది, తిరుగుతుంది... తెర తెల్లబడి ఆటోక్యాడ్ మొత్తం మూసుకుపోతుంది. డ్రాఫ్టింగ్ చేసే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఇది చూసే ఉంటారు. ఆ తర్వాత చాలామంది చేసే పని మాత్రం నాకు అస్సలు నచ్చదు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు! పూటంతా పోతుంది, ఫైల్ మళ్లీ అక్కడే చస్తుంది. ఎందుకంటే నేను చూసినంతలో జబ్బు చాలాసార్లు సాఫ్ట్‌వేర్‌లో కాదు, ఫైల్లోనే ఉంటుంది.

మాది పలివెల. కొప్పులింగేశ్వరస్వామి గుడి ఉన్న ఊరంటే కోనసీమలో ఎవరైనా దారి చెబుతారు. కొత్తపేట, రావులపాలెం వైపు ఇంజినీర్ల దగ్గర్నుంచి వచ్చే పనులు ఇంట్లోనే కూర్చుని గీస్తుంటాను. ఒక్కో ఫైల్ నా దగ్గరికి వచ్చేసరికి నలుగురి చేతులు మారి ఉంటుంది. ఒకరు స్థలం కొలతలు పెడతారు, ఇంకొకరు పాత ప్లాన్లోంచి తలుపులు తెచ్చి అతికిస్తారు, మరొకరు నెట్‌లో దొరికిన చెట్లూ కార్లూ పడేస్తారు. తెర మీద అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. లోపల మాత్రం పెళ్లయిన మర్నాటి పందిరిలా ఉంటుంది.

మొన్న వేసవిలో మా వీధి అన్నయ్య కువైట్ నుంచి నెల సెలవు మీద వచ్చాడు. ఇల్లు కట్టడానికి లోను పెట్టాడు. బ్యాంకులో ప్లాన్ ఇచ్చి, తనే సంతకాలు పెట్టి విమానం ఎక్కాలి. డ్రాయింగ్ పూర్తయింది, పీడీఎఫ్ రావట్లేదు. నొక్కిన ప్రతిసారీ క్రాష్.

"ఏరా తమ్ముడూ, ఇంకా రాలేదేంట్రా? శనివారం నా ఫ్లైటు. ఇప్పుడు సంతకం పడకపోతే మళ్లీ రెండేళ్లకే" అంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్క గంట ఆగన్నయ్యా" అన్నాను.

ముందు కొత్త ఖాళీ ఫైల్ తెరిచి, ఒక్క గీత గీసి, దాన్ని పీడీఎఫ్ చేశాను. వచ్చింది. అంటే సాఫ్ట్‌వేర్, ప్రింటర్ సెట్టింగ్ బాగానే ఉన్నాయి. నిమిషం కూడా పట్టని ఈ పరీక్షని ఎవరూ చెయ్యరు! ఆ ఒక్క గీత కూడా రాకపోతేనే కంప్యూటర్ వైపు చూడాలి.

తర్వాత ఆడిట్ కమాండ్ కొట్టి, తప్పులు సరిచెయ్యమంటే అవునన్నాను. పర్జ్‌తో వాడని లేయర్లు, బ్లాకులు తీసేశాను. పర్జ్ ముందు మైనస్ గుర్తు పెట్టి కొడితే రెగ్యాప్స్ అనే ఇంకో రకం చెత్త కూడా పోతుంది. చేతులు మారిన ఫైళ్లలో ఇవి వేలల్లో పేరుకుంటాయి. ఫైల్ సైజు తగ్గింది. క్రాష్ తగ్గలేదు.

ఇక మిగిలింది సగం సగం చెయ్యడం. ఫైల్‌కి ఇంకో కాపీ తీసి (ఒరిజినల్ జోలికి వెళ్లకూడదు), డ్రాయింగ్‌లో సగం చెరిపేసి పీడీఎఫ్ కొట్టాలి. వచ్చిందా, దొంగ చెరిపిన సగంలో ఉన్నాడు. రాలేదా, మిగిలిన సగంలో ఉన్నాడు. ఆ సగాన్ని మళ్లీ సగం. డ్రాయింగ్‌ని 128 ముక్కలనుకున్నా ఏడు సార్లలో ఒక్క ముక్క దగ్గరికి వచ్చేస్తాం. ఊహించి ఊహించి తల పగలగొట్టుకోవడం కన్నా ఇది ఎంతో నయం.

ఆరోసారికి దొరికింది. సైట్ ప్లాన్‌లో పంట బోదె పక్కన పచ్చగడ్డి చూపించడానికి వేసిన హ్యాచ్. దూరం నుంచి పచ్చ మరకలా ఉంది. దగ్గరికి జూమ్ చేస్తే వెంట్రుకల్లాంటి గీతలు, అదీ ఒకదాని మీద ఒకటి మూడు పొరలు. పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రతి గీతనీ ఫైల్లో రాయాలి కదా, మెమరీ నిండిపోయి పడిపోతోంది. మూడూ తీసేసి, గీతల మధ్య దూరం పెంచి ఒక్కటి వేశాను. ఈసారి పీడీఎఫ్ అర నిమిషంలో వచ్చింది. అన్నయ్య ఫోన్‌కి పంపితే బండి మీదే కూర్చుని తెరిచి చూసుకుని, తిన్నగా బ్యాంకుకి వెళ్లాడు. శుక్రవారం సంతకాలు పడ్డాయి.

హ్యాచ్‌కి ఇంకో జబ్బు కూడా ఉంది, సర్వే ఫైళ్ల మీద పనిచేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. మన రాష్ట్రంలో 2020 డిసెంబర్‌లో భూముల రీసర్వే మొదలైంది. ఇలాంటి సర్వేల్లో కొలతలు స్థలం భూమ్మీద అసలు ఎక్కడుందో ఆ అంకెలతోనే వస్తాయి. భూమధ్యరేఖ నుంచి కోనసీమ 18 లక్షల మీటర్ల పైనే. మనం ఇల్లు గీసేది మిల్లీమీటర్లలో. అంటే ఆ అంకె 180 కోట్లు దాటిపోతుంది! సున్నా నుంచి అంత దూరంలో హ్యాచ్ వెయ్యమంటే లెక్క తేడా వచ్చి గీతలు చెదిరిపోవడం, హ్యాచ్ అసలు పడకపోవడం మామూలే. ప్రింటు కోసం తీసిన కాపీలో మొత్తం డ్రాయింగ్‌ని సున్నా దగ్గరికి జరిపేస్తే సరి. సర్వే ఒరిజినల్‌ని మాత్రం కదపొద్దు, హద్దుల తగాదా వస్తే ఆ అంకెలే దిక్కు.

ఒక్క గీత ఫైల్ కూడా పడిపోతోందంటే అది వేరే కథ. సీ డ్రైవ్‌లో ఖాళీ ఉందో లేదో చూడండి, టెంపరరీ ఫైళ్లు అక్కడే పడతాయి. పెన్ డ్రైవ్‌లోకి నేరుగా ఎక్స్‌పోర్ట్ చెయ్యకుండా డెస్క్‌టాప్ మీదకి చేసి ఆ తర్వాత కాపీ చేసుకోండి. గ్రాఫిక్స్‌కాన్ఫిగ్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడండి. బ్యాక్‌గ్రౌండ్‌ప్లాట్ విలువ సున్నా చెయ్యండి. వీటన్నిటికీ లొంగకపోతేనే మళ్లీ ఎక్కించే మాట.

తెలుగు పేర్ల గొడవ క్రాష్ కాదు గానీ బాధ దాదాపు అంతే. ఇంటి యజమాని పేరు తెలుగులో టైప్ చేస్తే ప్రశ్నార్థకాలు వస్తున్నాయా? ఆటోక్యాడ్ సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లలో తెలుగు లేదు. టెక్స్ట్ స్టైల్‌ని గౌతమి లాంటి యూనికోడ్ ఫాంట్‌కి మార్చండి. అను ఫాంట్లతో టైప్ చేసిన పేరైతే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరవగానే గజిబిజి అయిపోతుంది.

ఇంకో మాట, కొందరికి కోపం రావచ్చు. క్రాక్ చేసిన ఆటోక్యాడ్ వాడుతూ "ఎందుకు క్రాష్ అవుతోంది?" అని అడిగేవాళ్లకి నేను జవాబు చెప్పలేను. ఎవరో లోపల కెలికిన సాఫ్ట్‌వేర్ ఎక్కడ, ఎందుకు పడుతుందో ఎవరు చెప్పగలరు? విద్యార్థులకైతే ఆటోడెస్క్ ఉచితంగానే ఇస్తుంది. మామూలు ఇంటి ప్లాన్ నేర్చుకోవడానికి లిబ్రెక్యాడ్ చాలు, దానికి పైసా కట్టక్కర్లేదు.

క్రాష్‌లో పనంతా పోయిందని ఏడ్చే ముందు ఫోల్డర్ చూడండి. డ్రాయింగ్ పేరుతోనే చివర బీఏకే అని ఇంకో ఫైల్ ఉంటుంది, అది అంతకుముందు సేవ్ చేసిన కాపీ. చివర డీడబ్ల్యూజీ అని మార్చి తెరవండి. అదీ పాతదైతే డ్రాయింగ్ రికవరీ కమాండ్ కొట్టండి. మామూలు సెట్టింగ్‌లో పది నిమిషాలకోసారి ఆటోసేవ్ అవుతుంది కాబట్టి మీ గీతలు చాలావరకు అక్కడ దొరుకుతాయి. నేనైతే ఆ పదిని ఐదు చేసుకున్నాను, సేవ్‌టైమ్ అని కొడితే అడుగుతుంది.