కూలి పెరిగితే కొలువులు పోతాయా?

కనీస వేతనం పెంచారని పేపర్లో వార్త వచ్చిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది: "కూలి పెంచితే మనుషుల్ని తీసేస్తారు, చివరికి నష్టం వాళ్ళకే." ఎంబీఏలో నేను చదువుకున్న పాఠమూ ఇదే. ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది. కూలి కూడా ఒక ధరే కదా! కానీ ఖరగ్‌పూర్‌లో పనిచేస్తూ చూస్తుంటే లెక్క అంత సూటిగా లేదనిపిస్తోంది.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో, దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్‌లో కూడా రైల్వేలు, మనలాంటి బ్యాంకుల విషయం కేంద్రానిది. మామూలు దుకాణాలు, హోటళ్ళ విషయం రాష్ట్రానిది. అందుకే మా స్టేషన్‌లో కిలోమీటరు దాటిన ప్లాట్‌ఫాం ఊడ్చే కాంట్రాక్టు కార్మికుడికి ఒక రేటు, గోల్ బజార్ దుకాణంలో పనివాడికి మరో రేటు. కేంద్రం రేటులోని కరువు భత్యాన్ని ధరల సూచీని బట్టి ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న సవరిస్తారు. అంటే మనం 'పెంపు' అనుకునే దాంట్లో చాలా భాగం బియ్యం, పప్పుల ధరలను అందుకోవడానికే సరిపోతుంది.

గిరిగారు, మన జీతాలు

ఉద్యోగం పోతుందన్న భయం ఈ ఊరికి కొత్త కాదు. ఉత్తరాంధ్ర నుంచి మనవాళ్ళు ఎందరో బెంగాల్ నాగపూర్ రైల్వే పనులకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో మనుషుల్ని తగ్గించడంపై పెద్ద సమ్మె జరిగింది. ఆనాటి ఆ రైల్వే కార్మిక నాయకుల్లో వి.వి. గిరి ముఖ్యులు. ఆయనే తర్వాత కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో పదవి వదులుకున్నారు. చిన్న బ్యాంకులు, చిన్న ఊళ్ళ శాఖలు ఆ భారం మోయలేవన్నది అప్పటి వాదన. అవి కనీస వేతనాలు కాకపోయినా, వాదన మాత్రం ఇప్పుడు వింటున్నదే.

ఆ తర్వాతి దశాబ్దాల్లో బ్యాంకు శాఖలు తగ్గలేదు సరికదా, ఎన్నో రెట్లు పెరిగాయి. అందుకు ప్రధాన కారణం 1969 జాతీయీకరణ. ఆ ఆర్డినెన్సుపై తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం చేసిందీ గిరిగారే. కొలువుల సంఖ్యను జీతం ఒక్కటే తేల్చదు. పని పెరుగుతోందా లేదా అన్నది అంతకన్నా ముఖ్యం.

న్యూజెర్సీ చెప్పినది

1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ళను పెంపుకు ముందు, తర్వాత పరిశీలించారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గినట్టు కనబడలేదు. వేరే లెక్కలతో దీన్ని కాదన్న ఆర్థికవేత్తలూ ఉన్నారు. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది ఎలా సాధ్యం? పని ఇచ్చేవారు ఒకరిద్దరే ఉన్నచోట వాళ్ళు చెప్పిందే కూలి. మనిషికి వేరే దారి లేదు కాబట్టి ఆ కూలి అతని పని విలువకన్నా తక్కువగా ఉంటుంది. అలాంటి చోట కొంత పెంచినా యజమానికి మనిషి అవసరం తీరదు. లాభం కొంచెం తగ్గుతుంది, అంతే. పైగా మానేసి వెళ్ళేవాళ్ళు తగ్గుతారు.

కొలువు పోయేది ఎక్కడ?

అలాగని ఎంత పెంచినా ఏమీ కాదనుకోకూడదు. మన ఏటీఎంలనే చూడండి. 2024 అక్టోబరులో పెద్ద నగరాలున్న 'ఎ' ప్రాంతంలో ఆయుధం లేని కాపలాదారుకి కేంద్రం రేటు రోజుకు 954 రూపాయలు, నెలకు 24,804గా ఉండేది. మూడు షిఫ్టులకు 74,412. పీఎఫ్ వగైరా అదనం. అదే సమయంలో కెమెరాల నిఘా చవకైంది. చాలా ఏటీఎంల దగ్గర గార్డు కుర్చీ ఖాళీ అయింది. చేతికి యంత్రం అందివచ్చిన చోట కూలి పెంపు ఆ మార్పును తొందర చేస్తుంది. మన ఇళ్ళలోనూ అంతే. పనావిడ ఐదొందలు ఎక్కువ అడిగితే మాన్పించం. వాషింగ్ మెషీన్ కొన్నాక మాత్రం బట్టల పని తగ్గిస్తాం.

ఇంకో సంగతి బ్యాంకు వాళ్ళుగా మనకే బాగా తెలియాలి. చట్టం చెప్పిన కూలి ఖాతాలో పడినా, ఏటీఎం కార్డు కాంట్రాక్టరు జేబులో ఉంటే ఆ పెంపు కాగితం మీదే. అలాంటి చోట కొలువులు పోయాయా లేదా అన్న చర్చకే అర్థం లేదు; పెంపు అసలు అమలే కాలేదు.

కాబట్టి కార్మికుల ఖాతా తెరిచేటప్పుడు మొబైల్ నంబరు వాళ్ళదేనా అని ఒకటికి రెండుసార్లు అడుగుదాం. కార్డు, పిన్ వాళ్ళ చేతికే ఇద్దాం. జమ అయిన మొత్తం ఎంతో చదివి చెబుదాం. ఇళ్ళలోని వారు కూడా తమ అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ని, స్వీపర్‌ని ఈ నెల చేతికి ఎంత వచ్చిందో ఒకసారి అడిగి చూడండి.