64 గళ్లలో ఓ అక్షరం!

అడ్డంగా ఎనిమిది గళ్లు, నిలువుగా ఎనిమిది. కొన్ని నింపి, కొన్ని ఖాళీగా వదిలేసి అందులోనే ఓ ఇంగ్లిష్ అక్షరం తేవాలి. పాత వీడియోగేముల్లో 'గేమ్ ఓవర్' అంటూ వెలిగిన అక్షరాలు అలా పుట్టినవే. వాటినీ, ఆ ఆటల్లోని బొమ్మల్నీ కొందరు ఇప్పుడు చుక్క చుక్కా లెక్కపెట్టి మళ్లీ గీస్తున్నారు.

తొంభైల్లో టీవీకి తగిలించి ఆడిన ఆటలు గుర్తున్నాయా? క్యాసెట్ పెట్టగానే మీసాల మారియో గెంతుకుంటూ వచ్చేసేవాడు. ఆ మీసం సోకు కోసం పెట్టింది కాదు! 1981లో 'డాంకీకాంగ్' ఆట కోసం షిగెరు మియమోతో ఆ బొమ్మ గీసినప్పుడు దొరికిన ఎత్తు పదహారు చుక్కలే. అంత చిన్న ముఖంలో నోరు గీసినా కనిపించదు. అందుకే పెద్ద ముక్కు, దాని కింద మీసం. జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టేశారు. చేతులు ఊపుతున్నట్టు తెలియాలని వేరే రంగు డంగరీ తొడిగారు. 1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్'లోనైతే ఆకాశంలో మబ్బూ, నేలమీద పొదా ఒకటే బొమ్మ... రంగు మార్చారంతే. ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమడాలి మరి!

అక్షరాలకు చోటు ఇంకా తక్కువ. ఒక్కోదానికి ఎనిమిది బైట్లు. వాటిలో బాగా పేరుపడ్డవి జపాన్ కంపెనీ నామ్కో ఆటల్లోవి. 1980 నాటి 'ప్యాక్‌మ్యాన్'లో కనిపించేవీ అవే. అవి జపాన్‌లోనే పుట్టాయనుకుంటారు చాలామంది. అక్షరాల రూపకర్త తోషి ఒమగారి మాత్రం పాత ఆటల్ని వందలకొద్దీ తిరగేసి, వాటి మూలం అమెరికాలో ఉందని తేల్చారు. 1976లో అటారీ సంస్థ తెచ్చిన 'క్విజ్ షో' ఆటలోవట అవి! ఆ సంగతులన్నీ 2019లో 'ఆర్కేడ్ గేమ్ టైపోగ్రఫీ' పేరుతో పుస్తకంగా వేశారు.

మరి మళ్లీ గీయడమెలా? పాత ఆట ఫైలును కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలూ బొమ్మలూ చిన్నచిన్న పలకలుగా కనిపిస్తాయి. ఒక్కో చుక్కకు ఒక్కో చతురస్రం పేర్చుకుంటూ పోవాలి. అసలు చిక్కు ఆటలో లేని అక్షరాలతోనే. పెద్దక్షరాలు తప్ప చిన్నక్షరాలు లేని ఆటలెన్నో! ఉన్నవాటి తీరు పట్టుకుని లేనివాటిని ఊహించాలి. కోడ్‌మ్యాన్38 అనే పేరుతో ఒకరు అలా తయారుచేసిన 'ప్రెస్ స్టార్ట్ 2పి' ఫాంట్ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. నామ్కో అక్షరాలే దానికి ఆధారం. గ్రీకు, రష్యన్ అక్షరాలూ అందులో ఉన్నాయి. సైజు మాత్రం 8, 16, 24... ఇలా ఎనిమిదో ఎక్కంలోనే పెట్టాలి. లేదంటే అంచులు మసకబారతాయి.

ఇంకో పేచీ కూడా ఉంది. పాత డబ్బా టీవీల్లో చుక్క అంచు కాస్త కరిగి పక్కచుక్కలో కలిసిపోయేది. అది తెలిసే గీసేవాళ్లు చాలామంది చిత్రకారులు. అదే బొమ్మ ఇప్పటి పలుచటి టీవీలో ఇటుకలు పేర్చినట్టుంటుంది. ఫైల్లో ఉన్న చుక్కల్ని గీయాలా, అప్పట్లో కంటికి కనిపించిన బొమ్మనా? ఫైలుకే ఓటేసేవాళ్లు ఎక్కువగానీ, ఆ టీవీముందు కూర్చున్నవాళ్లకు రెండోదే నిజమనిపిస్తుంది.

ఇదంతా ఉబుసుపోక చేసే పనేం కాదు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా మార్కెట్లో లేవని వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కతేల్చింది. అలాగని మారియోను గీసి టీషర్టుల మీద అమ్ముకుంటే కుదరదు. బొమ్మల హక్కులు కంపెనీలవే. సరదాకి, నేర్చుకోవడానికి గీసుకుంటే సరి.

మరి తెలుగు? 'ప్రెస్ స్టార్ట్ 2పి'లో మన అక్షరాలు లేవు. 'ర' అయితే ఎనిమిది గళ్లలో సర్దుకుంటుంది. 'స్త్రీ' సంగతేంటి? పైన గుడిదీర్ఘం, కింద తావత్తు, క్రారవడి... అన్నిటికీ చోటేదీ! జపాన్ వాళ్లకూ ఇదే ఇబ్బంది. వాళ్ల కాంజీ అక్షరాలు అంత చోటులో ఇమడవు. అందుకే 1986లో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్'ను తేలికపాటి కానా అక్షరాలతో నడిపించారు. అందులోనూ జాగా చాలక కటకానా అక్షరాల్లో కొన్నిటినే వాడుకుని, వాటితో కుదిరే పేర్లే పెట్టుకున్నారు.

మనం పదహారు వరసలైనా తీసుకోక తప్పదు. పిల్లల గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు ఉంటే ఈ ఆదివారమే ప్రయత్నించొచ్చు. 'ర'తో మొదలుపెట్టండి. 'క్ష' దగ్గరికొచ్చేసరికి రబ్బరు పక్కనే పెట్టుకోండి!