రేకుల కింద చదువు – చట్టంలో మనకున్న దారులు

మన హాస్టళ్లలో, సర్కారు బడుల్లో ఏదో ఒక గది మీదో, వరండా మీదో, వంటశాల మీదో సిమెంటు రేకులు కనిపిస్తాయి. ఎండాకాలం ఉక్క తప్ప వాటితో వేరే ఇబ్బంది ఉందని చాలామందికి తెలియదు. ఆ రేకులకు గట్టితనం రావడానికి సిమెంటులో రాతినార కలుపుతారు. దాన్నే ఆస్బెస్టాస్ అంటారు. ఒకప్పుడు మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో కూడా దీన్ని తవ్వి తీశారు.

రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం నార సిమెంటులోనే ఇరుక్కుని ఉంటుంది. రేకును కోసినా, ఫ్యాను కోసమో పైపు కోసమో రంధ్రం చేసినా, పగిలినా, పాతబడి పొడి రాలినా కంటికి కనిపించని పోగులు గాలిలో కలుస్తాయి. పీల్చిన పోగులు ఊపిరితిత్తుల్లో ఉండిపోతాయి. ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథీలియోమా అనే మరో క్యాన్సర్ వీటివల్ల వస్తాయి. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రేకుల కింద చదివిన ప్రతివారికీ జబ్బు వస్తుందని కాదు. ఎంత దుమ్ము, ఎన్నాళ్లు పీల్చారన్నదాన్ని బట్టి ముప్పు ఉంటుంది. అయితే జబ్బు బయటపడటానికి సాధారణంగా 10 నుంచి 40 ఏళ్లు పడుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. పన్నెండో ఏట పీల్చిన దుమ్ముకు నలభై ఐదో ఏట జబ్బు చేస్తే, అది ఏ బడిలో, ఏ రేకు నుంచి వచ్చిందో రుజువు ఎవరి దగ్గర ఉంటుంది?

చట్టం ఏమంటోంది?

1995లో కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ కేసులో సుప్రీంకోర్టు, కార్మికుల ఆరోగ్యం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని ఆదేశించింది. 2004లో కుంభకోణం బడిలో పూరి కప్పు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత 2009లో అవినాశ్ మెహ్రోత్రా కేసులో అదే కోర్టు, చదువుకునే హక్కులో సురక్షితమైన బడి కూడా భాగమేనని తీర్పు ఇచ్చింది. ఈ రెండూ మనకు బలమైన ఆధారాలు.

బలహీనత కూడా తెలుసుకోవాలి. 2011లో కల్యాణేశ్వరి కేసులో ఆస్బెస్టాస్‌ను నిషేధించడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కాబట్టి రేకు ఉందన్న ఒక్క కారణంతో పరిహారం వస్తుందని ఆశపడకూడదు. పగిలిన రేకు గురించి చెప్పినా పట్టించుకోలేదని, పిల్లలు గదిలో ఉండగానే కోశారని చూపగలిగితేనే నిర్లక్ష్యం రుజువవుతుంది.

ఉన్న దారులు

1. సమాచార హక్కు చట్టం, 2005: రేకులు ఎప్పుడు వేశారు, ఏ రకం, ఎప్పుడు మరమ్మతు చేశారు అని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు.

2. కమిషన్లు: బాలల హక్కుల కమిషన్‌కు, మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మానవ హక్కుల కమిషన్‌కు మాత్రం ఏడాదిలోపే వెళ్లాలి.

3. హైకోర్టు: రేకులు తీయించాలని, పిల్లలకు వైద్య పరీక్షలు చేయించాలని 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు. జబ్బు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

4. సివిల్ దావా: నష్టపరిహారం కోసం. మైనరు తరఫున తల్లిదండ్రులు వేయవచ్చు. ప్రభుత్వంపై అయితే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. మామూలు గడువు మూడేళ్లు. మైనరుకు 18 నిండాక లెక్క మొదలవుతుంది, అంటే 21 ఏళ్ల దాకా. ఆ తర్వాత ఎప్పుడో జబ్బు బయటపడితే, హాని జరిగిన నాటి నుంచే గడువు లెక్కించాలని లిమిటేషన్ చట్టం సెక్షన్ 23 కింద వాదించవచ్చు. కాలదోషం పట్టిందని అవతలివారు తప్పక అంటారు. అప్పుడు కాగితాలే మాట్లాడాలి.

మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. కోర్టు అనగానే 'వకీలుకు ఎక్కడ తెస్తాం' అని మా అమ్మానాన్నలు భయపడతారు. ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

ఈరోజే చేయవలసింది

కార్మికుని రికార్డు 40 ఏళ్లు దాచమని కోర్టు చెప్పింది. రేకు కింద కూర్చున్న పిల్లల రికార్డు దాచమని ఎవరికీ చెప్పలేదు. అది మనమే దాచుకోవాలి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పగిలిన రేకును తేదీతో ఫోటో తీయించండి. ముక్కలను పొడి చీపురుతో ఊడ్చవద్దు, ముట్టుకోవద్దు. వార్డెన్ గారికి అర్జీ రాసి, నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి. సెలవుల్లో, పిల్లలు లేనప్పుడు, తడిపి, పగలకుండా తీయించమని అందులో అడగండి. స్టడీ సర్టిఫికెట్లు, ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రేలు పారేయవద్దు. పూర్వ విద్యార్థులు దగ్గు, ఆయాసంతో డాక్టరు దగ్గరికి వెళ్తే చదివిన బడి కప్పు సంగతి కూడా చెప్పి, చీటీలో రాయించుకోండి.

అర్జీ నకలు ఒక్క కాగితమే. కానీ ముప్పై ఏళ్ల తర్వాత మన తరఫున సాక్ష్యం చెప్పేది అదే.