బండ మీద ఎర్త్ గుంత

చీమకుర్తిలో ఎక్కడ తవ్వినా రాయి తగలడం వింతేం కాదు. బంగారు చుక్కల ఆ నల్ల గెలాక్సీ రాయే ఊరికి అన్నం పెడుతోంది. ఎర్త్ గుంతలో తగిలితేనే తంటా. మొన్న తొమ్మిదో తరగతి పిల్లాడొకడు అడిగాడు: "సార్, మా గుంతలో నాలుగడుగులకే బండ పడింది. ఉప్పూ బొగ్గూ పోసి పైపు పాతేశారు. గీజరు ముట్టుకుంటే ఇంకా జివ్వుమంటోంది. ఎందుకని?"

బోర్డు మీద లెక్క వేశాం. గీజరు లోపల ఫేజు తీగ బాడీకి తగిలింది. ఆ కరెంటు భూమిలోకి దిగి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌ను చేరాలి. తేమ పట్టిన నల్లరేగడిలో దారి సులువు. బండలో కష్టం, ఎండాకాలం పైమన్నూ ఎండిపోతుంది. నిరోధం 50 ఓములనుకుంటే, 230ని 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. ఎంసీబీ 16 ఆంపియర్లది. రెండు కిలోవాట్ల గీజరు మామూలుగా లాక్కునేదే 8.7. ఎంసీబీ ఎందుకు పడుతుంది? బాడీలో కరెంటు అలాగే ఉంటుంది.

ఇలాంటి లీకును పసిగట్టి కరెంటు ఆపేది ఆర్‌సీసీబీ. ఇంటి నుంచి పాతది ఒకటి తెచ్చి, రివెట్లు ఊడగొట్టి చూపించాను. దీని మీద నా మోజు పాతది.

లోపల గాజుకన్నా చిన్న లోహపు రింగు. ఫేజూ న్యూట్రలూ రెండూ దాని నడుమగానే పోతాయి. వెళ్లినంతా తిరిగొస్తే ఒకదాని అయస్కాంత ప్రభావాన్ని రెండోది చెరిపేస్తుంది. తేడా వస్తేనే రింగుకు చుట్టిన సన్నతీగలో పిసరంత కరెంటు పుడుతుంది. అంత చిన్న కరెంటు అంత బిర్రు మీటను ఎలా పడగొడుతుంది? అసలు చమత్కారమంతా అక్కడే. పడగొట్టే స్ప్రింగు ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. ఒక శాశ్వత అయస్కాంతం చిన్న ఇనుప రేకును పట్టుకుని దాన్ని ఆపుతుంది. సన్నతీగ ఆ పట్టును క్షణం సడలిస్తే చాలు, మిగతాది స్ప్రింగు చూసుకుంటుంది. 30 మిల్లీఆంపియర్ల తేడాకే పడుతుంది. బండ మీది చెడ్డ ఎర్త్ కూడా అంతకు నూట యాభై రెట్లు లీకు చేస్తుంది మరి! అసలు ఎర్తే లేకపోతే మాత్రం మనిషి తగిలాకే, ఒక దెబ్బ తిన్నాకే పడుతుంది.

దీనికి ముందు వోల్టేజీతో నడిచే ఈఎల్‌సీబీ ఉండేది. అది ఎర్త్ తీగనే నమ్ముకుంది. కరెంటు కొళాయి పైపు గుండానో తడిగోడ గుండానో పోతే దానికి తెలియదు. రింగు దారి అడగదు, జమాఖర్చు చూస్తుంది.

1955లో దక్షిణాఫ్రికా బంగారు గనుల కోసం హెన్రీ రూబిన్ చేసిన ఇలాంటి పరికరం 250 మిల్లీఆంపియర్లకు గానీ కదలలేదు. తర్వాత 20కి దించి, స్టిల్‌ఫాంటీన్ అనే గని ఊళ్లో ఇళ్లకు పెట్టారు. క్వారీ ఊరివాణ్ణి కదా, సంబరపడ్డాను. మనిషికి ఎంత కరెంటు ప్రమాదమో తేల్చడానికి ఆస్ట్రియా పరిశోధకుడు బీగెల్‌మయర్ అయితే తన ఒంట్లోకే కరెంటు పంపుకుని చూశాడు.

షాకు తగిలి నష్టమొస్తే ఎవరిది పూచీ? స్థూలంగా మీటరు దాకా సరఫరా సంస్థది, ఆపైన ఇంటివాళ్లది. మీటరు దగ్గర ఎర్త్ టెర్మినల్ ఇచ్చి బాగోగులు చూడాల్సింది కూడా సరఫరా సంస్థే అని 2010 నాటి కేంద్ర నిబంధనలు చెప్పాయి. తీగ తెగిపడి మనిషి పోతే, నిర్లక్ష్యం రుజువు కాకపోయినా బాధ్యత తప్పదని సుప్రీంకోర్టు 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో చెప్పింది. గీజరు మాత్రం మీటరుకు ఇవతలిది.

వారానికి పిల్లాడు మళ్లీ వచ్చాడు. "ఆర్‌సీసీబీ పెట్టించాం సార్. గీజరు బాగు చేయించాం. ఇన్వర్టరు ఆన్ చేస్తే టక్కున పడిపోతోంది. ఎలక్ట్రీషియనన్న తీసేద్దామంటున్నాడు."

ఇన్వర్టరు న్యూట్రల్‌ను ఇంటి న్యూట్రల్‌తో కలిపేసి ఉంటారు, తీసేయాల్సింది ఆ కలిపిన ముడి అని కాగితం మీద గీసిచ్చి పంపాను.