అద్దె లేని ఇంటికి అసలు ఖరీదెంత?

“అద్దె లేదు, వడ్డీ లేదు, మంచి బేరం కుదిరింది!” మాకు తెలిసిన ఓ దర్జీ కొన్నేళ్ళ క్రితం సంబరంగా చెప్పిన మాట ఇది. హైదరాబాద్ పాతబస్తీలో రెండు గదుల పోర్షన్ కోసం ఇంటి యజమానికి ఆయన 4 లక్షలు ఇచ్చాడు. మూడేళ్ళు అద్దె కట్టనక్కరలేదు. ఖాళీ చేసేనాడు మొత్తం సొమ్ము తిరిగొస్తుంది. అక్కడ దీన్ని రహన్ అంటారు. బెంగుళూరులో లీజు అంటారు.

గడువు తీరింది. కూతురి నికాహ్ దగ్గర పడింది. డబ్బు అడిగితే, “ఇంకో రహన్ పార్టీ దొరకనివ్వు భాయ్, వాళ్ళిచ్చింది నీకిస్తాను” అన్నాడు యజమాని. ఆ సొమ్ముతో ఆయన కొడుకును ఎప్పుడో గల్ఫ్‌కు పంపించేశాడు. ఇద్దరూ చెడ్డవారు కారు. జుమా నమాజులో ఒకే వరుసలో నిలబడేవారే.

ఈ బేరాన్ని కాస్త విప్పి చూద్దాం. ఆ పోర్షన్‌కు నెలకు 8 వేల అద్దె వస్తుంది. అంటే యజమాని ఏడాదికి 96 వేలు వదులుకున్నాడు. 4 లక్షల మీద అది నూటికి 24. మన ఊళ్ళ లెక్కలో చెప్పాలంటే రెండు రూపాయల వడ్డీ! వడ్డీ భయంతో బ్యాంకు గడప తొక్కని మనిషి, తెలియకుండానే ఇంత కట్టాడు.

తాకట్టు నిషిద్ధం కాదు. దివ్య ఖుర్‌ఆన్ బఖరా సూరా 283వ వాక్యం దాన్ని అనుమతించింది. దైవప్రవక్త (స) స్వయంగా తమ కవచాన్ని తాకట్టు పెట్టి బార్లీ గింజలు తీసుకున్నారు. అయితే తాకట్టు అప్పుకు భరోసా మాత్రమే. అప్పిచ్చినందుకు ఇంట్లో ఉచితంగా ఉంటానని షరతు పెడితే, ఆ లాభం వడ్డీ కిందికే వస్తుందని ఎక్కువమంది ధర్మవేత్తల అభిప్రాయం. వందో రెండొందలో అద్దె రాసుకుంటే సరిపోతుందనేవారూ ఉన్నారు. అప్పిచ్చినందుకే అద్దె అంతగా తగ్గినప్పుడు చిక్కు ఎక్కడ తీరింది? అది మనల్ని మనం మభ్యపెట్టుకోవడమేనని మాకనిపిస్తుంది.

మరి దారి లేదా? ఉంది. ఆ 4 లక్షలను ముందస్తు అద్దెగా రాసుకోండి. ఊళ్ళో నడిచే అద్దె 8 వేలనే నెలనెలా అందులో తగ్గించుకుంటూ పోతే, మూడేళ్ళకు 2 లక్షల 88 వేలు చెల్లుతాయి. యజమాని తిరిగి ఇవ్వవలసింది 1 లక్షా 12 వేలే. మరొకరి డబ్బు కోసం ఎదురుచూసే దుస్థితి చాలావరకు తప్పుతుంది. అద్దెకుండేవారికి ఉచిత నివాసం పోతుంది, నిజమే. కానీ అసలు సొమ్మే చిక్కుకుపోయే ప్రమాదం నెలనెలా తగ్గుతూ వస్తుంది.

ఏ పద్ధతైనా కాగితం గట్టిగా ఉండాలి. స్టాంపు కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, నోటరీ ముద్ర వేయించి ఊరుకుంటున్నారు. ఇల్లు స్వాధీనం చేసే తాకట్టు 100 రూపాయలకైనా సరే, ఇద్దరు సాక్షులతో రిజిస్టర్ కావాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. ఏడాదికి మించిన అద్దె ఒప్పందానికీ రిజిస్ట్రేషన్ తప్పదు. అప్పును రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని అదే సూరా 282వ వాక్యం ఎంత వివరంగా చెప్పిందో మనకు తెలియనిది కాదు. సొమ్మును కూడా చేతికి కాక, బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

యజమాని మరణిస్తే ఆ సొమ్ము గతేమిటని మమ్మల్ని కొందరు అడిగారు. అది ఆయన మీద ఉన్న అప్పు. వారసులు ఇల్లు పంచుకునే ముందు దాన్ని తీర్చాలి. కాగితమే లేకపోతే, “అబ్బాజాన్ మాకేం చెప్పలేదు” అనే కొడుకు ముందు అద్దెకున్నవాడు ఏం చూపిస్తాడు?

దర్జీకి చివరకు డబ్బు అందింది, ఏడు నెలల తర్వాత, రెండు విడతలుగా. అప్పటికే కూతురి నికాహ్ చేబదుళ్ళతో జరిగిపోయింది.